ప్రాణవాయువు పద్దు

పాలపద్దు, చాకలిపద్దు, పచారి కొట్టు పద్దు వ్రాయని యిల్లాలు మనలో అరుదు. మనము పద్దు వ్రాయుట లేమిచేతనే కాదు. కలిమి యున్న యింట సైతము ఎంత వచ్చినది, ఎంత పోయినది, ఇంకెంత మిగిలినది అను మూడు మాటలు తెలియనిచో నెలాఖరున చిక్కు తప్పదు. ఇట్టి పద్దునే మనుష్యుడు పీల్చు ప్రాణవాయువునకు సైతము వ్రాయు చిన్న యంత్ర మొకటి కలదు. దానిని సముద్రములో మునుగువారు మణికట్టునకు ధరింతురు. దాని పేరు డైవ్ కంప్యూటరు. ఆ యంత్రమును గూర్చి నేను శ్రద్ధగా తెలిసికొనవలసిన యవసరము మా పుట్టినింట కలిగినది. తెలిసికొన్న సంగతులు మీకును ఉపకరించునని యిచ్చట వ్రాయుచున్నాను.

మా పుట్టినిల్లు కాకినాడ. మా తమ్ముడు సముద్రజీవులను గూర్చిన శాస్త్రము చదివి, అండమాను దీవులలో పగడపు దిబ్బలను పరిశీలించు నొక బృందములో పనికి కుదిరెను. ఆ పనికి స్కూబా సాధనములతో నీట దిగవలెను. వీపున గాలిని కుదించి నింపిన సిలిండరు, నోట రబ్బరు గొట్టము, చేతికి పైన చెప్పిన యంత్రము. మా నాయనగారు గతించినది మొదలు మా అమ్మకు వాడొక్కడే కంటివెలుగు. అమ్మ సరే యన్ననే గాని వెళ్లనని వాడును భీష్మించెను. దసరా సెలవులలో ఆ యంత్రమును తెచ్చి మాకు చూపి, తాము మామూలు గాలికి మారుగా ప్రాణవాయువు హెచ్చుగా కలిపిన గాలిని వాడుదుమనియు, ఆ ప్రాణవాయువు మితి మీరకుండ యీ యంత్రము కాపలా కాయుననియు చెప్పెను.

అమ్మ వెంటనే అడిగినది: "ఒరే, అన్నం ఎక్కువైతే అజీర్ణం చేస్తుంది గాని, ప్రాణం ఎక్కువైతే ఏం చేస్తుందిరా? దానికి కాపలా ఎందుకు?"

వాడేదో చెప్పబోయెను. అమ్మ వినక నా వైపు తిరిగి, "ఏమే అమ్మాయీ, నువ్వు చదువుకున్నదానివి. అదేమిటో నువ్వు తెలుసుకుని నాకు విడమరచి చెప్పు. నువ్వు సరేనంటే పంపుతాను" అన్నది.

నా చదువు మా నాయనగారు ఇంటనే చెప్పిన కావ్యములు, పురాణములు. ఇంద్రియములన్నియు తమలో ఎవరు గొప్పయని వాదులాడుకొని, తుదకు ప్రాణమే శ్రేష్ఠమని ఒప్పుకొన్న కథ ఉపనిషత్తులలో కలదని ఎరుగుదును. దుర్యోధనుడు జలస్తంభన విద్యచే మడుగులో దాగిన కథ ఎరుగుదును. కాని తమ్ముని ప్రాణమునకు పూచీ పడుటకు ఈ కథలు చాలవు. కావున మావారిని దగ్గర కూర్చుండబెట్టుకొని, తమ్ముడు తెచ్చిన పుస్తకములు ముందు పెట్టుకొని, పలకమీద లెక్కలు వేయుచు కొన్ని దినములు కృషి చేసితిని. మావారు బడిలో గణితము చెప్పువా రగుట నా భాగ్యము.

మనము పీల్చు గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువు, 78 పాళ్లు నత్రజని. సముద్రపు టొడ్డున గాలి మనపై మోపు బరువును ఒక వాతావరణ పీడన మందురు. నీటిలో దిగినకొలది ప్రతి 10 మీటర్లకును ఇంకొక వాతావరణ పీడనము తోడగును. అనగా 30 మీటర్ల లోతున నాలుగు. ఆ బరువునకు రొమ్ము అణగిపోకుండ సిలిండరు గొట్టము చుట్టునున్న నీటి పీడనముతో సమానముగా కుదించిన గాలిని నోటికందించును. కుంచమును కుదిపి కొలిచినప్పుడు అదే కుంచములో గింజలు హెచ్చుగా పట్టును గదా. అట్లే అక్కడ ప్రతి ఊపిరిలోను ఒడ్డున పీల్చుదానికి నాలుగు రెట్ల గాలి యుండును.

కలిసియున్న వాయువులలో ప్రతిదియు తానొక్కటే యున్నట్లు తన వంతు పీడనమును చూపునని ఇంగ్లండు దేశపు జాన్ డాల్టను 1801లో కనుగొనెను. దీనికి పాక్షిక పీడనమని పేరు. ఒడ్డున ప్రాణవాయువు వంతు 0.21. 30 మీటర్ల లోతున అదే గాలిలో దాని వంతు 0.84. దేహము గుర్తించునది నూటికెన్ని పాళ్లను లెక్కను గాదు, ఈ వంతునే.

మరి ప్రాణవాయువును హెచ్చుగా కలుపనేల? లోతున కుదించిన గాలిలోని నత్రజని రక్తమునందును కండలయందును కరగి నిలుచును. మునిగినవాడు త్వరపడి పైకి వచ్చినచో అది బుడగలై పొంగి కీళ్లను, వెన్నుపామును బాధించును. నత్రజని పాళ్లు తగ్గించి, ఆ మేరకు ప్రాణవాయువును 32 పాళ్లకో 36 పాళ్లకో పెంచినచో నీటియడుగున పని చేయుటకు మరికొంత వ్యవధి దొరకును. ఈ మిశ్రమమునే నైట్రాక్స్ అందురు. దీనివలన నత్రజని పద్దు తగ్గును గాని, ప్రాణవాయువు పద్దు పెరుగును. మా అమ్మ అడిగిన ప్రశ్న సరిగా ఇక్కడనే యున్నది.

ప్రాణవాయువును 1774లో వేరుపరచి చూచిన జోసెఫ్ ప్రీస్ట్‌లీ యను పండితునకే ఈ సందేహము తోచెను. ఆ వాయువులో కొవ్వొత్తి వేగముగా కాలి ముగియుట చూచి, మనుష్యుని ఆయువును అట్లే త్వరగా తరుగునేమో యని యాతడు శంకించెను. 1878లో ఫ్రాన్సు దేశపు పాల్ బెర్, పీడనము హెచ్చిన ప్రాణవాయువులో జంతువులకు మూర్ఛలు వచ్చి మరణించుట చూపెను. 1899లో జేమ్స్ లోరెయిన్ స్మిత్ అంతకంటె తక్కువ పీడనమైనను చాలసేపు పీల్చినచో ఊపిరితిత్తులు వాచునని చూపెను. కావున ఈ హాని రెండు విధములు. మెదడునకు కలుగునది వేగముగా వచ్చును. ఊపిరితిత్తులకు కలుగునది మెల్లగా వచ్చును. మొదటి దానిలో పెదవులు అదురుట, చెవులలో హోరు, వికారము, చూపు కుంచించుకొనుట మొదలగు సూచనలు కొన్నివేళల కనబడును. అనేక పర్యాయములు ఏ సూచనయు లేకయే మూర్ఛ వచ్చును. ఒడ్డున వచ్చు మూర్ఛ తరచు తేరుకొనదగినదే. నీటిలో నోటి గొట్టము జారిపోవును. ఆ మీద చెప్పవలసిన దేమున్నది?

ఇక యంత్రము చేయు పని వినుడు. దానిలో నీటి పీడనమును కనిపెట్టు చిన్న సాధన మొకటి, గడియార మొకటి, గణితము చేయు భాగ మొకటి యున్నవి. మునుగువాడు దిగకముందే తన సిలిండరులో ప్రాణవాయువు నూటికెన్ని పాళ్లో దానికి తెలుపవలెను. ఆపై యంత్రము కొన్ని క్షణముల కొకసారి లోతును చూచి, పీడనమును పాలుతో హెచ్చవేసి, ఆ నిమిషమున ప్రాణవాయువు వంతెంతో తేల్చును. పని చేయువానికి 1.4, విశ్రాంతిగా నిలిచి మెల్లగా పైకి వచ్చువానికి గరిష్ఠముగా 1.6 అనునది సామాన్యముగా పాటించు హద్దు. 32 పాళ్ల మిశ్రమముతో 1.4 హద్దు ఇంచుమించు 33 మీటర్లకు వచ్చును. అది దాటగానే యంత్రము కూత వేసియో, అదరియో హెచ్చరించును.

ఇది ఇప్పటి సంగతి. గడచిన నిమిషముల సంగతి వేరొక పద్దు. పూర్వము ముహూర్తమునకు గడియకుడుక నుంచెడువారు. అడుగున సన్నని రంధ్రము గల గిన్నెను నీటిపై విడిచినచో అది నిండి మునుగుటకు ఒక గడియ, అనగా 24 నిమిషములు పట్టును. యంత్రములోని మెదడు పద్దు అట్టి గిన్నెయే యనుకొనుడు. భేదమేమనగా, లోతు పెరిగినకొలది దీని రంధ్రము పెద్దదగును. అమెరికా దేశపు సముద్ర వాతావరణ సంస్థయగు నోవా 1991లో ప్రకటించిన పట్టికలో ప్రాణవాయువు వంతు 1.3 ఐనచో 180 నిమిషములు, 1.4 ఐనచో 150, 1.6 ఐనచో 45 నిమిషములు మాత్రమే హద్దు. ఆ హద్దును నూరుగా భావించి, అందులో ఎంత నిండినదో యంత్రము నూటి లెక్కన చూపును.

మావారు పలకమీద వేసిన లెక్క యిది. 32 పాళ్ల మిశ్రమముతో 30 మీటర్లకు దిగినచో వంతు 1.28. దానిని 1.3గా తీసికొని, అక్కడ 45 నిమిషములున్నచో 180లో నాలుగవ వంతు, అనగా నూటికి 25 నిండును. అదే మిశ్రమముతో ఇంకొక 10 మీటర్లు, అనగా మూడంతస్తుల మేడ యెత్తు మాత్రము, దిగినచో వంతు 1.6. అక్కడ 45 నిమిషములకు గిన్నె పూర్తిగా నిండును! ఈ లెక్క చూచిన తరువాత నేను కొంతసేపు మాటాడలేదు.

పైకి వచ్చి మామూలు గాలి పీల్చుచుండగా ఈ గిన్నె మరల తగ్గును. అనేక యంత్రములు ప్రతి 90 నిమిషములకు సగము చొప్పున తగ్గించి లెక్క కట్టును. 25 నిండినవాడు గంటన్నర ఒడ్డున నిలిచినచో పద్దులో 12.5 మిగులును. మరల అట్లే మునిగినచో 37.5 అగును. చాల యంత్రములు నూటికి 80 చేరగానే హెచ్చరింప నారంభించును.

ఊపిరితిత్తుల పద్దు వేరు. ఒక వాతావరణ పీడనమున శుద్ధ ప్రాణవాయువును ఒక నిమిషము పీల్చుట ఒక ప్రమాణము. వంతు 0.5 దాటినది మొదలు ఈ పద్దు నడచును. పైన చెప్పిన 45 నిమిషముల మునకకు ఇంచుమించు 65 ప్రమాణములు. ఒక్క దినమునకైనచో 850 వరకును, అనేక దినములు వరుసగా మునుగువారికి దినమునకు 300 వరకును హద్దని హామిల్టను అను శాస్త్రజ్ఞుడు 1980 దశకములో నిర్ణయించెను. పగడపు దిబ్బల పనివారు సామాన్యముగా దీని దరిదాపులకు పోరు. వారు జాగ్రత్తపడవలసినది ముఖ్యముగా మొదటి రెండింటి విషయమున.

ఇంతవరకు చదివి, "యంత్రము ఇన్ని చూచుకొనుచున్నది గదా, ఇక భయమేల?" అని మీరందురు. భాస్కరాచార్యుల కూతురు లీలావతి కథ మీరు వినియే యుందురు. ఆమె పెండ్లి ముహూర్తమునకై ఉంచిన గడియకుడుకలో ఆమె నగనుండి ముత్యమొకటి జారి రంధ్రమున కడ్డుపడగా, గిన్నె నిండక ముహూర్తము దాటిపోయినదని చెప్పుదురు. ఈ యంత్రమునకును అట్టి ముత్య మొకటి కలదు. అది రక్తమును చూడదు, మెదడును చూడదు, సిలిండరులోని గాలిని సైతము సామాన్యముగా చూడదు. మునుగువాడు తెలిపిన అంకెనే నమ్మును. సిలిండరులో 36 పాళ్లుండగా యంత్రమునకు 21 అని చెప్పియుంచినచో, 40 మీటర్ల లోతున అది వంతును 1.05గా లెక్కించి నిశ్చింతగా నుండును. వాస్తవమున ఆ వంతు 1.8. హెచ్చరిక రాదు. గిన్నెయు నిండినట్లు కనబడదు.

రెండవ సంగతి దేహమునకు చెందినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇంగ్లండు నౌకాదళపు వైద్యుడు కెన్నెత్ డోనాల్డ్ ముంచువారిపై అనేక పరీక్షలు జరిపెను. ఒకే మనుష్యుడు ఒకే లోతున, 70 అడుగుల నీటి పీడనమున, శుద్ధ ప్రాణవాయువును పీల్చగా, ఒకనాడు 7 నిమిషములకే బాధా సూచనలు కనబడెను. మరియొకనాడు 148 నిమిషముల వరకు ఓర్చెను. నీటిలో నున్నప్పుడును, శ్రమ చేయునప్పుడును ఓర్పు తగ్గునని కూడ తేలెను. కావున యంత్రము చూపు నూరు అనగా అక్కడ మూర్ఛ నిశ్చయమని గాదు. తొంబది అనగా క్షేమము నిశ్చయమని గాదు. అది పదిమందికి కలిపి వ్రాసిన పద్దు. మన దేహము ఆ దినమున దానికి లోబడునని పూచీ లేదు.

ఈ పుస్తకములు చదువుచుండగా మా యూరి పేరు నా కెదురైనది. 1939లో థెటిస్ అను జలాంతర్గామి మునిగి 99 మంది మరణించిన పిమ్మట జె. బి. ఎస్. హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు తానే పీడనపు గదులలో కూర్చుండి ప్రాణవాయువును పీల్చి పరీక్షలు చేసికొనెను. ఒక మూర్ఛలో ఆయన వెన్నెముకకు గాయమైనది. నత్రజని బుడగల భయము లేకుండ పైకి వచ్చుటకు పట్టికలను 1908లో ప్రకటించినది ఆయన తండ్రియే. ఈ హాల్డేన్ 1957లో మన దేశమునకు వచ్చి స్థిరపడి, 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరములో మరణించెను. విద్యార్థుల చదువునకై తన దేహమును కాకినాడ రంగరాయ వైద్యకళాశాల కిమ్మని ఆయన మరణశాసనము వ్రాయగా, అట్లే జరిగెను. ఈ సంగతి చెప్పగా అమ్మ, "మన రంగరాయ కాలేజీకా?" అని రెండుసార్లు అడిగి, చాలసేపు ఊరకుండినది. నేను చెప్పిన లెక్కలన్నిటికంటె ఈ మాట ఆమె మనస్సున నాటినది.

ఆమె మొదటి ప్రశ్నకు సమాధానము మాత్రము మా యింటిలోనే దొరికినది. మా రెండవ పిల్ల నెలలు నిండక పుట్టినప్పుడు అమ్మయే నాతో ఆస్పత్రిలో నుండెను. శిశువు కాలికి ఎఱ్ఱని దీపము గల పట్టీ కట్టి, అంకె 95 దాటినచో నర్సు ప్రాణవాయువును తగ్గించుచుండెడిది. 1940 దశకమున పాశ్చాత్య దేశములలో ఇట్టి శిశువులకు ప్రాణవాయువును ధారాళముగా ఇచ్చుటచే వేలకొలది బిడ్డల కన్నులు పోయినవి. దానికిని ప్రాణవాయువునకును గల సంబంధమును 1951లో మెల్బోర్నులో ఎత్తి చూపినవారిలో కేట్ కాంబెల్ అను వైద్యురా లొకరు. "అమ్మా, నర్సు చేయి వేసి తగ్గించేది గుర్తుందా? అక్కడ నర్సు చేసిన పని ఇక్కడ వీడే చేసుకోవాలి" అన్నాను. అమ్మ తల యూపినది.

పిమ్మట తమ్ముని కూర్చుండబెట్టి నాలుగు ప్రశ్నలు వేసితిని. సిలిండరులోని పాళ్లను కొలుచు వారెవరు? తానే కొలుచుకొనుననియు, పాళ్లు, దిగదగిన లోతు, తేది, తన పేరు సిలిండరుపై అంటించుననియు చెప్పెను. యంత్రమున హద్దు ఎంత పెట్టెదవు? 1.4 అనెను. హెచ్చరిక వచ్చినచో ఏమి చేసెదవు? పగడమైనను, ఫొటోయైనను విడిచి, తోడివానికి సైగ చేసి వెంటనే పై లోతునకు వచ్చెదననెను. పైకి వచ్చినకొలది వంతు తగ్గును గదా. ఒంటరిగా దిగుట తమలో లేనే లేదట. నీ యంత్రమును ఇతరులకు ఎరువిత్తువా? ఈ ప్రశ్నకు వాడు నవ్వి, "లేదక్కయ్యా. నా ఒంటి పద్దు దాంట్లో ఉంటుంది. ఇంకొకరు కట్టుకుంటే వాళ్లకూ తప్పే, నాకూ తప్పే" అనెను.

ఆ కడపటి జవాబు విని, "పంపవచ్చునమ్మా" అన్నాను. అట్లనునప్పుడు నా గొంతు నిలుకడగా లేదు. అపాయము లేదని నేననలేదు; అపాయమెక్కడ నున్నదో వానికి తెలియుననియే అన్నాను. వాడు వెళ్లి ఆరు నెలలైనది. మునిగిన ప్రతి సాయంకాలమును అమ్మకు ఒక అంకె పంపును. ఆమె దానిని పాలపద్దు పుస్తకములో ఆనాటి తేది కెదురుగా వ్రాసికొనును. ఇంతవరకు నలుబది దాటలేదు.

సోదరీమణులారా! నేడు విశాఖపట్టణపు ఋషికొండ మొదలగు చోట్ల వినోదమునకై మునుగు పిల్లలు పెరుగుచున్నారు. మామూలు గాలితో 12 మీటర్ల వరకు దిగువారికి ప్రాణవాయువు వంతు 0.46 మాత్రమే యగును గాన ఈ పద్దు ఆరంభమే కాదు; వారి విషయమై మీరు దీనికై కలతపడ నక్కరలేదు. కాని మీ యింటివాడెవడైనను నైట్రాక్స్ అను మాట పలికిన దినమున, వలదని ఏడ్వకుడు, సరేయని ఊరకుండకుడు. పైన చెప్పిన నాలుగు ప్రశ్నలును అడుగుడు. తడుముకొనక జవాబు చెప్పినవానిని దీవించి పంపుడు. తడుముకొన్నచో, అవి నేర్చి వచ్చువరకు గడప దాటనీయకుడు.